మిరపదండ సన్మానం

చెంచమ్మ ఆ ఉదయం ఒకే ఒక్క మాట చెప్పేసి పనికి వెళ్దామనుకుంది. గుంటూరులో కోల్డ్ స్టోరేజీ దగ్గర మిరపకాయల తొడిమలు తీసీ తీసీ ఆమెకు ఉబ్బసం పట్టుకుంది. ఆసుపత్రిలో ఓపీ మధ్యాహ్నానికే మూసేస్తారు. మందుకు వెళ్తే పని పోతుంది, పనికి వెళ్తే ఊపిరి పోతుంది. సాయంత్రం కూడా ఓపీ తెరవమని అడగాలి. అంతే.

అడిగే అవకాశమూ వచ్చింది. రోగుల అవసరాల మీద చేసే పరిశోధనలో రోగులనే భాగస్వాములను చేస్తామని ఆసుపత్రి వాళ్లే పిలిచారు. పైఅంతస్తు ఏసీ హాల్లో సభ. పాపం, నమ్మి వెళ్లింది. పెద్దలంతా వచ్చి సభ మొదలయ్యేసరికే మధ్యాహ్నం దాటింది.

"ముందు సన్మానం, చెంచమ్మగారూ. తర్వాతే మీ మాట," అంది నిర్వాహకురాలు బిందుమాధవి. సన్మానం లేకుండా మన దగ్గర ఏ సభ కదిలింది గనక! పూలదండ అందరూ వేసేదేనని, మిరప కూలీకి తగ్గట్టు ఎండుమిరపకాయల దండ గుచ్చించింది ఆ మహాతల్లి. ప్రొఫెసర్ సురేంద్ర చిరునవ్వుతో దాన్ని చెంచమ్మ మెడలో వేశాడు. ఫొటో సరిగా రాలేదంటే తీసి మళ్లీ వేశాడు.

"అయ్యా... సాయంత్రం పూట..." అంటూనే ఆమెకు దగ్గు తెరలు తెరలుగా వచ్చింది.

"గాలాడాలి! ఫ్యాన్ పెట్టండి!" అని అరిచింది బిందుమాధవి. పెద్ద ఫ్యాను తెచ్చి సరిగ్గా దండకే గురిపెట్టారు. ఘాటు గుప్పున లేచింది. కిటికీలు తెరుచుకోని హాలాయె. ముందు వరుస తుమ్మింది, వెనక వరుస దగ్గింది. సురేంద్ర కళ్లు నలుపుకున్నాడు, అదీ దండ పట్టుకున్న చేతులతోనే. అందరూ పడుతూ లేస్తూ కింద ఓపీకి పరిగెత్తారు.

తలుపు మూసి ఉంది. "టైమైపోయింది. రేపు పొద్దున్నే రండి," అన్నాడు వాచ్‌మన్ బుల్లయ్య.

"ఒరేయ్, నేను ప్రొఫెసర్నిరా!" అన్నాడు సురేంద్ర.

ఆ ఉబ్బిన మొహాన్ని బుల్లయ్య ఆనవాలు పట్టలేదు. "ఇక్కడికొచ్చినోళ్లంతా ఏదో ఒకటి చెప్తారండీ."

చెంచమ్మ గోడ పట్టుకుని ఆయాసపడుతూ, "అయ్యా, నేను చెబుదామనుకుంది ఇదేనండీ," అంది.

"నిజమేనమ్మా, ఎంత అన్యాయం!" అన్నాడు సురేంద్ర. ఆయన కన్నీళ్లు చూసి ఆమెకు ఆశ పుట్టింది.

ఇంతలో ఎవరో పైవాళ్లకు ఫోన్ చేశారు. తలుపు తెరుచుకుంది. సభ మొత్తం లోపలికి పోయింది. చెంచమ్మ వంతు రాగానే బుల్లయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"స్టాఫుకేనమ్మా. నువ్వు రేపు రా."

నెల తిరక్కుండానే సాయంత్రం ఓపీ మొదలైంది, స్టాఫుకు మాత్రమే. రోగుల భాగస్వామ్యం మీద రెండో సభ కూడా పెట్టారు. ఈసారి రోగులను పిలవలేదు గనక ఎవరూ దగ్గలేదు.