పిల్లప్ప పురుగుల ఇంట్లో ఫోటోలు

ఆరింటికి ఆకు కోయాలి, ఏడింటికి పట్టుపురుగులకు మేత వేయాలి, ఎనిమిదింటికి సంగటి తినాలి. ఆ రోజుకు పిల్లప్ప అనుకున్నది అంతే. పురుగులు నాలుగో జ్వరం నుంచి, అంటే మేత మాని పొర విడిచే నిద్ర నుంచి, లేచి ఆరు రోజులైంది. ఇంకొక్క రోజు మేస్తే గూడు కడతాయి. కొడుకు శశికుమార్ బెంగళూరు దారిలోని నరసాపురంలో కంపెనీ పని మానేసి ఇంట్లో పెట్టిన మొదటి పంట అది. ఇది పోతే మళ్ళీ కంపెనీకే పోతానని వాడు ముందే చెప్పేశాడు.

శశికుమార్ ఆకు కోతకు తోటకు పోయాక, నంగలి రోడ్డు నుంచి ఒక కారు వచ్చి వాకిట్లో ఆగింది. దిగినవాడు ప్రణవ్. ఒకప్పుడు ఊరి బళ్ళో అయ్యవారుగా ఉన్న సుబ్బరాయ మనవడు, ఉండేది బెంగళూరు. మూతపడిన బంగారు గనుల దగ్గర ఫోటోలు తీద్దామని పోతే గేటు కాపలావాడు తరిమేశాడు. అందుకని ఇటు వచ్చాడు. వేడి దేశాల్లో ఫోటోలు తీసేవాళ్ళకు ఎవరో రాసిన సూచనలు అతని ఫోనులో ఉన్నాయి. వాటిని దాటి అడుగు వేయడు.

ఏసీ కారులోంచి తీయగానే కెమెరా అద్దానికి ఆవిరి పట్టింది.

"తుడవకూడదు తాతా. వెచ్చగా ఉన్న చోట కాసేపు పెట్టాలంట."

"వెచ్చగా ఉండేది పురుగుల ఇల్లే," అన్నాడు పిల్లప్ప. అయ్యవారి మనవణ్ణి వద్దనలేకపోయాడు.

పురుగుల ఇంట్లోకి ఎవరు పోయినా వాకిట్లో ఉన్న బక్కెట్లో, మందు కలిపిన నీళ్ళతో చేతులు కడుక్కోవాలి. పిల్లప్ప ఆ మాట చెప్పబోయేంతలో ప్రణవ్ సంచిలోంచి బుడ్డి తీసి రెండు చేతులకూ కొట్టుకున్నాడు. రెండో సూచన అది: ముందు దోమల సంగతి చూసుకో, తర్వాతే ఫోటో.

పిల్లప్పకు ముచ్చటేసింది. "చూసినావా," అన్నాడు పెండ్లాంతో. "చెప్పకముందే చేతులు శుద్ధి చేసుకొన్నాడు. నువ్వుండావు, కొంగుకు తుడుచుకొని పోతావు."

"వాసన బాగుండాది," అంది మునిలక్ష్మమ్మ. "మాకూ రవంత కొట్టప్పా."

ఊరివాళ్ళతో కలుపుగోలుగా ఉండమని మూడో సూచన. ప్రణవ్ ఇద్దరికీ మోచేతులదాకా కొట్టాడు.

"ఇంగ ఈ నీళ్ళెందుకు," అని పిల్లప్ప బక్కెట్టు కొబ్బరిచెట్టు మొదట్లో కుమ్మరించాడు.

లోపల పురుగులున్న తట్టల ముందు ప్రణవ్ పిల్లప్ప చొక్కా విప్పించాడు. తలకు తువ్వాలు చుట్టించాడు. నిన్న కోసి పెట్టిన ఆకును చేత్తో పరచమన్నాడు, పురుగుల్ని అరచేతిలో పెట్టుకొని నవ్వమన్నాడు.

"వెలుతురు తప్పింది తాతా. పక్క తట్టలో ఇంకోసారి."

నలభై తట్టల్లోనూ వెలుతురు తప్పింది.

కాసేపటికి పురుగులు మేత మానేసి, తలలెత్తి ఊగసాగాయి.

"డాన్స్ చేస్తున్నాయి తాతా."

పిల్లప్ప ముప్పై ఏళ్ళుగా పురుగులు మేపుతున్నాడు. అవి డాన్స్ చేయడం ఎప్పుడూ చూడలేదు. దగ్గరికి పోయి వంగి చూస్తే పచ్చనీళ్ళు కక్కుతున్నాయి.

ఆకు మోపుతో వచ్చిన శశికుమార్ గడపలో ఉన్న ప్రణవ్ బుడ్డి తీసి చదివాడు. "నాయనా, ఇది దోమలకు కొట్టుకొనేది."

"చేతులు కడిగే మందు కాదా?"

"దోమలకు గిట్టనిది పురుగులకు గిడుతుందా?"

"నాకేం తెల్సు," అంది మునిలక్ష్మమ్మ. "బెంగళూరు పిల్లోనికి తెల్సునంటివే."

మధ్యాహ్నానికి నలభై తట్టలూ కదలడం మానాయి. ప్రణవ్ కెమెరా సంచిలో పెట్టేశాడు. "పట్టు ఆఫీసులో చెప్పండి తాతా. సాక్ష్యానికి ఫోటోలు నేను పంపిస్తాను," అన్నాడు. చెప్పినట్టే ఆ సాయంత్రం శశికుమార్ ఫోనుకు పంపాడు కూడా.

ఆఫీసరు నాలుగు రోజులకు వచ్చాడు. కంపు భరించలేక అప్పటికే చచ్చిన పురుగుల్ని గుంట తీసి పూడ్చేశారు. మిగిలిన సాక్ష్యం ఫోటోలే. వాటిలో పురుగులు బలంగా మిలమిలలాడుతున్నాయి. పిల్లప్ప నవ్వుతున్నాడు.

"పంట పోయిందంటావు, ఇంత బాగుండాది గదప్పా. సచ్చినవి యాడ?"

శశికుమార్ ఫోను కలిపి, చచ్చినవాటి ఫోటోలేవని ప్రణవ్‌ను అడిగాడు. "బాగా రాని ఫోటోలు ఎప్పటికప్పుడు చెరిపేయాలి సార్," అన్నాడు ప్రణవ్. "ఆఖరి సూచన అదే."

ఆఫీసరు నష్టం రాసుకోలేదు. ఆ నవ్వే ఫోటో ఒకటి మాత్రం పై ఆఫీసుకు పంపాడు. నెల తిరక్కముందే పిల్లప్ప ఆదర్శ రైతు అయ్యాడు. అప్పటికి శశికుమార్ కంపెనీ బస్సు ఎక్కేశాడు.

వచ్చే వారం చుట్టుపక్కల రైతులు చూడ్డానికి వస్తున్నారు, పక్క ఊళ్ళో నలభై తట్టల పురుగులు అరువు తెచ్చి పెట్టుకొమ్మని ఆఫీసు నుంచి కబురు వచ్చింది.