పిడుగుకు దరఖాస్తు అక్కర్లేదు

ప్రతి ఇంటి కంప్యూటర్ మీదా ఏడాదికి ఒక్కసారైనా పిడుగు పడాలి. బాగా ఆలోచించే ఈ మాట అంటున్నాను, తొందరపడి తిట్టకండి!

అడగకుండా ఇంటికి వచ్చే సర్వీసు ఈ రోజుల్లో ఇంకేదైనా ఉందా? గ్యాస్ బండ కావాలంటే బుక్ చేయాలి. కరెంటు మీటరు కావాలంటే దరఖాస్తు పెట్టాలి. పిడుగుకు ఆధార్ లింకు అక్కర్లేదు. ఓటీపీ అడగదు. వేలిముద్ర పడలేదని వెనక్కి పంపదు. నేరుగా వస్తుంది, పని ముగించుకుని పోతుంది!

నమ్మకం లేకపోతే సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లిలో ఉండే జితేందర్‌ని అడగండి.

జితేందర్‌కు నాలుగు మరమగ్గాలు, ఒక కంప్యూటర్. నెల రోజులు ఆ కంప్యూటర్ ముందు కూర్చుని చీర అంచుకు గునుగు పూల డిజైను గీశాడు. శనివారం మధ్యాహ్నం పన్నెండులోగా ఆ ఫైలును సిరిసిల్లలో డిజైన్లు ఎంపిక చేసే ఒక ఆఫీసులో ఇవ్వాలి. (ఆఫీసు పేరు చెప్పను. నేనూ ఆ దారిన పోయేవాణ్ణే.) డిజైను ఎంపికైతే బతుకమ్మ దాకా నాలుగు మగ్గాలకూ చేతినిండా పని. కాకపోతే నాలుగూ ఖాళీ. పాత ఆర్డరు అప్పటికే అయిపోయింది.

బుధవారం సాయంత్రం ఉరిమింది.

జితేందర్ తల్లి పోచవ్వకు ఉరుమంటే మిలిటరీ సైరన్. మొదటి ఉరుముకే టీవీ, ఫ్రిజ్, మిక్సీ, కంప్యూటర్, అన్ని ప్లగ్గులూ పీకేసింది. గోడ గడియారంలోంచి బ్యాటరీ కూడా తీసి కొంగున కట్టుకుంది. ఇక రమ్మను పిడుగును!

వచ్చింది. ఇల్లంతా తెల్లగా వెలిగి, చెవులు గింగురుమన్నాయి. వాన వెలిశాక ప్లగ్గులు పెట్టి చూస్తే టీవీ బతికింది, ఫ్రిజ్ బతికింది. కంప్యూటర్ మాత్రం ఉలకదు, పలకదు.

"ప్లగ్గు పీకినవా అవ్వా?"

"పీకినరా! కరెంటచ్చేదాంక నా చేతులనే ఉండె."

చూశారా పాఠకులారా? తలుపులన్నీ మూసిన ఇంట్లో హత్య! హంతకుడు ఎటు నుంచి వచ్చినట్టు?

జితేందర్‌కు ఆ ప్రశ్న తర్వాత. ముందు ఫైలు.

"పెన్‌డ్రైవుల గూడ పెట్టుకోమని ఎన్నిసార్లు చెప్పిన?" అంది భార్య స్వర్ణలత.

"పెట్టిన."

"ఏదీ మరి?"

జితేందర్ కంప్యూటర్ వైపు చూపించాడు. పెన్‌డ్రైవు దానికే గుచ్చి ఉంది.

"మంచిగున్నది! తాళంచెవి పోతదని తాళానికే పెట్టి ఉంచినట్టు."

ఇక పిడుగు చేసిన మేలు చూడండి. గంటలో ఆ ఇల్లు నిపుణులతో నిండిపోయింది! పెళ్ళికి పిలిచినా రానివాళ్ళు ఆ రోజు పిలవకుండా వచ్చారు. ఒకాయన ర్యామ్ ఊడబీకి పిల్లల రబ్బరుతో రుద్దాడు. ఇంకొకాయన లోపలికి ఉఫ్ఫుమని ఊది, లేచిన దుమ్ముకు అరగంట తుమ్మాడు. పక్కింటి ఎల్లవ్వ ఉప్పూ మిరపకాయలూ తెచ్చి కంప్యూటర్‌కు దిష్టి తీసింది. ఇంత ఐకమత్యం మామూలు రోజుల్లో ఎక్కడుంది?

గురువారం సిరిసిల్ల షాపు. అక్కడి మెకానిక్ డబ్బా తెరిచి వాసన చూశాడు. "మదర్‌బోర్డు పోయింది. ఫైల్లు ఉన్నయో లేవో హైదరాబాద్‌ల చూపియ్యాలె. పది రోజులు పడ్తది."

పది రోజులు! చేతిలో ఉన్నవి రెండు.

అప్పుడు స్వర్ణలతకు కోరుట్లలో ఉండే మేనమామ నర్సింగం గుర్తొచ్చాడు. గల్ఫ్‌లో పద్నాలుగేళ్ళు కంప్యూటర్లు బాగుచేసి వచ్చిన మనిషి. ఆ పద్నాలుగేళ్ళలో ఆయన చూసిన వానలను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అందుకే పిడుగుల విషయంలో ఆయన మాటకు తిరుగులేదు.

శుక్రవారం పొద్దున జితేందర్ కంప్యూటర్‌ను దుప్పట్లో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాడు. పక్క సీటు ముసలమ్మ మురిపెంగా తొంగిచూసింది.

"కొడుకా, ఆడబిడ్డనా?"

"కంప్యూటరవ్వా. పిడుగు పడ్డది."

ఆమె మారుమాట లేకుండా లేచి వెనక సీటుకు పోయింది. కోరుట్ల బస్సులో రెండు సీట్లు ఒక్కడికి! పిడుగు కాకపోతే ఇంకెవరు ఇప్పిస్తారు?

నర్సింగం డబ్బా తెరవనైనా లేదు. వెనక్కి తిప్పి, టార్చి కొట్టి చూసి నవ్వాడు.

"అల్లుడా, కరెంటు ప్లగ్గు పీకిన్రు. మరి నెట్టు వైరు పీకిన్రా?"

"నెట్టు వైరుల కరెంటెక్కడుంటది మామా?"

"స్తంభం మీది డబ్బా నుంచి నీ ఇంటిదాంక గుంజింది రాగి తీగనే గదా! ముందర తలుపు మూసి, ఎన్క తలుపు బార్లా తెరిచిపెట్టిన్రు. ఇగో, గిట్ల అచ్చింది."

నెట్టు వైరు గుచ్చేచోట ప్లాస్టిక్ నల్లగా మాడి ఉంది. హంతకుడు దొరికాడు! నెలనెలా బిల్లు కట్టి మరీ ఇంట్లోకి తెచ్చుకున్న తీగే!

పెన్‌డ్రైవు చచ్చిపోయింది. మిగిలింది హార్డ్‌డిస్కు. నర్సింగం దాన్ని ఊడదీసి తన కంప్యూటర్‌కు తగిలించాడు. ఒక నిమిషం. రెండు నిమిషాలు. స్క్రీన్ మీద ఏమీ లేదు. డిస్కు లోపల గుర్రుమని ఏదో తిరిగింది. మూడో నిమిషంలో స్క్రీన్ నిండా గునుగు పూలు!

జితేందర్ చాయ్ అడిగాడు. రెండు రోజుల్లో తినడానికైనా తాగడానికైనా అతను నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

శనివారం ఆపరేషన్ పకడ్బందీగా సాగింది. ఫైలు రెండు పెన్‌డ్రైవుల్లో ఉంది. రెండూ ఒకే బండి మీద పోకూడదని స్వర్ణలత ఆర్డరు. ఒకటి జేబులో పెట్టుకుని జితేందర్ బైకు మీద, ఇంకొకటి పర్సులో పెట్టుకుని ఆమె ఆటోలో. పదకొండున్నరకు ఇద్దరూ ఆఫీసు ముందు కలుసుకున్నారు. ఇంకా అరగంట టైముంది. గెలిచారు!

తలుపుకు తాళం వేసి ఉంది. తాళం పక్కన కాగితం.

"పిడుగుపాటు వల్ల కార్యాలయ కంప్యూటర్ పనిచేయనందున డిజైన్ల స్వీకరణ తదుపరి ఉత్తర్వుల వరకు నిలిపివేయడమైనది."

కింద గురువారం తేదీ.

వరండాలో స్టూలు మీద అటెండర్ కూర్చుని ఉన్నాడు.

"మాకు చెప్పద్దానే? రెండు రోజుల సంది ఫోన్ చేస్తున్న, ఎవ్వరెత్తరు!" అన్నాడు జితేందర్.

"ఫోను గూడ గా నెట్టు వైరుకే ఉండెనన్నా. అది గూడ కాలింది."

"సరే. పిడుగు మా ఇంట్ల గూడ పడ్డది. నేను ఇయ్యాల ఫైలు తేకపోతే నాగ్గూడ గిట్లనే టైమిచ్చేటోళ్ళా?"

అటెండర్ అతని వైపు జాలిగా చూశాడు.

"గదెట్లయితదన్నా? గది నీ సొంత పిడుగు. గిది ఆఫీసు పిడుగు."

"కొత్త కంప్యూటర్ ఎప్పుడస్తది?"

"పైకి రాసిన్రు."

అప్పటిదాకా ఊరుకున్న స్వర్ణలత ముందుకొచ్చింది. "బతుకమ్మకు గూడ రాసిన్రా, ఉత్తర్వులచ్చేదాంక ఆగుమని?"

అటెండర్ తాళం పక్కన కాగితం వైపు వేలు చూపించాడు. లోపల అడుగుదామంటే ఎవరూ లేరు. కంప్యూటర్ లేని ఆఫీసుకు వచ్చి ఏం చేస్తారని పెద్దసారు అందరికీ ఇంటి దగ్గరే ఉండమన్నాడట, జీతంతో.

పాఠకులారా, పిడుగు వరమన్న మాట మీద నేను ఇప్పటికీ నిలబడే ఉన్నాను. ఎవరికి వరమో చెప్పడం ఒక్కటే మరిచాను.