మూలమలుపు దగ్గర పోస్టుమాస్టరు

ఆ ఆదివారం పొద్దున సర్వేయరుగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. మామగారు భోజనానికి వచ్చేలోపు వెనకగదిలోని బొమ్మరైలుకు ఒక్క స్విచ్ బిగించాలి. బండి మూల తిరుగుతూనే పక్క లైనులోకి దారి మారి, బుల్లి స్టేషన్లో ఆగాలి. అది చూసి మామగారు ఒక్క మంచి మాట అనాలి.

చిక్కంతా ఆ ఒక్క మాట దగ్గరే. మామగారు నిజం రైళ్ళు నడిపి రిటైరైన డ్రైవరు. పిలవాల్సివస్తే "అల్లుడుగారూ" అని పిలుస్తారు, చెప్పింది విని "ఊ" అంటారు. పెళ్ళైన నాటి నుంచీ అంతే. ఇల్లు కట్టి చూపిస్తే ఊ. ప్రమోషన్ వచ్చిందంటే ఊ. అలాంటి మనిషి మొన్న ఫోన్లో తనంతట తానే, "ఆ రైలేదో చూస్తాను" అన్నారు. అప్పటి నుంచీ సర్వేయరుగారికి కాలు ఒకచోట నిలవడం లేదు.

స్విచ్ అంటే పట్టాలు రెండుగా చీలే ముక్క. తిన్నని స్విచ్ మూలలో ఇమడదు. ఇమిడేవి రెండు రకాలు. వంపు స్విచ్ ఫ్యాక్టరీలోనే ఒంపు తిరిగి వస్తుంది, ఆపైన బ్రహ్మదేవుడు దిగొచ్చినా దాన్ని వంచలేడు. వంగే స్విచ్ మన చేతిలో కావలసినంత వంగుతుంది, ఎంత వంచాలో మాత్రం మనమే తేల్చుకోవాలి. సర్వేయరుగారు రెండూ తెచ్చుకుని, నెలల తరబడి పక్కపక్కన పెట్టుకుని చూస్తూ కూర్చున్నారు. ఒకసారి గీసిన గీతను వెంట్రుకవాసి కూడా జరపరని ఆఫీసులో ఆయనకు పేరు. వంగే వస్తువు మీద ఆయనకు నమ్మకం ఎలా కుదురుతుంది?

భార్య ఫిజియోథెరపిస్టు. ముందుగదే ఆవిడ క్లినిక్కు. వారమంతా అక్కడ జనాన్ని "వంగండి, ఇంకాస్త వంగండి" అంటూ ఉంటుంది. తండ్రిని తీసుకురావడానికి స్టేషనుకు బయల్దేరుతూ వెనకగదిలోకి తొంగి చూసింది.

"ఇంకా తేలలేదా? ఆ వంగేదే పెట్టేయండి, పీడా పోతుంది."

"ఇవాళ వంగి కూర్చుని, మీ నాన్నగారి ముందు జారిపోతే? బండి పడిపోతే?"

"పడితే మళ్ళీ పెట్టుకుంటారు. బొమ్మరైలే కదండీ!"

ఆ మాట వినగానే ఆయన వంపు స్విచ్‌నే ఖాయం చేసేశారు.

తీరా పెట్టి చూస్తే దాని ఒంపు ఆ మూలకన్నా విశాలంగా ఉంది. పట్టాలు, రైలును అమర్చిన ప్లైవుడ్ బల్ల దాటి జానెడు గాల్లోకి వెళ్ళాయి. స్విచ్ వంగదు కనక బల్లే పెరగాలి. భార్య పేషెంట్లను పడుకోబెట్టే బల్ల సరిగ్గా అదే ఎత్తు. ఆదివారం ఎవరూ రారు కదా అని దాన్ని చక్రాల మీద తోసుకొచ్చారు. వెనకగది గుమ్మంలో అది ఇరుక్కుంది. తలుపు రెక్క ఊడదీశారు. బల్ల లోపలికైతే వచ్చింది గాని దాని మీది మెత్తటి పరుపులో పట్టాలు కూరుకుపోయి, ఇంజను పక్కకు ఒరిగిపోయింది. పరుపు మీద గట్టిదేదైనా పరవాలి. ఊడదీసిన తలుపు గోడకు ఆనించి ఉంది. దాన్నెత్తి బల్ల మీద పడుకోబెడితే ఆ బరువుకు పరుపు అణిగింది, మట్టం చూస్తే చుక్కంత తేడా లేదు. ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

సరిగ్గా అప్పుడే వచ్చారు పోస్టుమాస్టరుగారు, ఒక చెయ్యి నడుం మీద, ఇంకో చెయ్యి గోడ మీద వేసుకుని.

"మేడంగారు లేరా? చెప్పులు తొడుక్కోబోతే నడుం పట్టేసిందండీ!" అంటూ, ముందుగదిలో బల్ల లేకపోయేసరికి నేల మీది చక్రాల జాడ పట్టుకుని వెనకగదికే వచ్చేశారు. తలుపు పరిచిన బల్ల చూడగానే ఆయన గోడ మీది చెయ్యి తీసి దణ్ణం పెట్టారు. "పరుపు మానేసి చెక్క మీద పడుకోండని మేడంగారు ఎన్నిసార్లు చెప్పారో! మా ఇంట్లో చెక్క లేదన్నాను. నా కోసం ఇంత ఏర్పాటు చేశారా!"

"అయ్యో, అది మీకోసం కాదండీ, అది తలుపు..."

ఆ మాట పూర్తయ్యేలోపు ఆయన అంచున కూర్చుని, మెల్లగా ఒరిగి, తలుపు నిండా వెల్లకిలా పడుకున్నారు. ఇక కదల్లేదు. కదపబోతే వీధి చివరిదాకా వినపడేలా అరిచారు. వంపు స్విచ్ పెట్టాల్సిన చోట ఇప్పుడు ఆయన పాదాలున్నాయి.

సర్వేయరుగారు కుర్చీలో కూలబడ్డారు. ఇక మిగిలింది వంగే స్విచ్చే. గత్యంతరం లేక తీసి, మూలలో పెట్టి, మెల్లగా వంచారు. అది కిక్కురుమనకుండా వంగి, మూల వెంట తిరిగి, ప్లైవుడ్ బల్ల మీదే సర్దుకుంది. పక్క బల్లతో పనే లేదు. తలుపుతో అసలే లేదు. ఒక్క ముక్క వంగితే సరిపోయేదానికి ఇల్లంతా జరిపానే అనుకుంటే ఆయనకు నవ్వు రాలేదు, సిగ్గేసింది. ఇంట్లో ఇన్నేళ్ళుగా తను వంగని చోటల్లా ఎవరు చప్పుడు చేయకుండా జరిగి సర్దుకున్నారో కూడా గుర్తొచ్చింది.

"ఇంకాస్త వంచండి. బండి నా బొటనవేలికి తగిలేలా ఉంది," అన్నారు పోస్టుమాస్టరుగారు పడుకున్నచోటి నుంచే పర్యవేక్షిస్తూ.

చివరి మేకు దిగేసరికి వీధి తలుపు చప్పుడైంది. భార్య నేరుగా లోపలికొచ్చింది, వెనకే మామగారు.

"ఏమండీ, నా బల్లేదీ?"

"పోస్టుమాస్టరుగారి కింద ఉంది."

"ఈ గుమ్మానికి తలుపేదీ?"

"అదీ ఆయన కిందే ఉంది."

"హాయిగా ఉందమ్మా, మీరు చెప్పింది నిజమే," అన్నారు పోస్టుమాస్టరుగారు.

మామగారు పేషెంటును, గుమ్మాన్ని, పట్టాలను వరసగా చూసి "ఊ" అన్నారు. పోయే పరువు ఎలాగూ పోయిందని సర్వేయరుగారు బండి వదిలారు. బండి మూలకు వచ్చింది. వేగం తగ్గి, బొటనవేలిని తప్పించుకుని, పక్క లైనులోకి మళ్ళి, స్టేషన్లో బుద్ధిగా ఆగింది.

మామగారు ముందుకొచ్చి, నడుం వంచి, కళ్ళు పట్టాల ఎత్తుకు దించి, "మళ్ళీ," అన్నారు. మళ్ళీ వదిలారు. "ఇంకోసారి," అన్నారు. వంగిన మనిషి వంగినట్టే ఉన్నారు.

"ఇంజన్లో ఉన్నవాడికి ముందున్న పట్టాలే కనిపిస్తాయి, అబ్బాయ్," అన్నారు కళ్ళు తిప్పకుండా. "ఉద్యోగమంతా దారి మారుతూనే ఉన్నాను. బండి అలా ఒంపు తిరుగుతూ మళ్ళడం బయట నిలబడి తీరిగ్గా ఎప్పుడూ చూళ్ళేదు. ఇంత బాగుంటుందనుకోలేదు. చక్కగా వంచావు నువ్వు."

ఇన్నేళ్ళ అల్లుడుగారు ఒక్క క్షణంలో అబ్బాయి అయిపోయారు. కళ్ళలో నీళ్ళు తిరిగి ఆయనకు పట్టాలు మసగ్గా కనిపించాయి.

"కుర్చీలో కూర్చుని చూడండి, మామయ్యగారూ."

"కూర్చునేవాణ్ణే, అబ్బాయ్. ఇందాకటి నుంచీ లేవడం కుదరట్లేదు. నడుం పట్టేసింది."

"కాసేపు చెక్క మీద పడుకోవాలి నాన్నా," అంది కూతురు అలవాటుగా, ఆపైన అందరూ పోస్టుమాస్టరుగారి వైపు చూశారు.

తలుపు సాయంత్రం దాకా ఖాళీ కాలేదు.