నాన్నగారికి పోయాక ఇచ్చిన బిరుదు

వియత్నాం కొండల్లో ఒక పెద్ద అడవి ఉండేది. దాన్ని ఏలే పులికి ఉన్నట్టుండి ధర్మంగా పాలించాలనే పిచ్చి పట్టుకుంది.

ఆచారాల మంత్రి దుప్పిని పిలిచి పెద్దల పుస్తకాలన్నీ చదివించుకుంది. "ప్రజలే రాజ్యానికి వేరు" అన్నచోట ఆవులించింది. "రాజు ప్రజలకు తల్లీ తండ్రీ" అన్నచోట మాత్రం లేచి కూర్చుంది.

"తల్లిదండ్రుల ఆకలి తీర్చడం పిల్లల బాధ్యతే కదా బిడ్డా?"

"అవును నాన్నగారూ" అనేసి దుప్పి నాలుక కరుచుకుంది. ఏం లాభం, మాట నోరు దాటిపోయింది.

ఆ రోజు నుంచి పులి వేట మానేసింది. రోజుకో బిడ్డ వంతు ప్రకారం తనంతట తానే రావాలి. తినబోయే ముందు నాన్నగారు ఆ బిడ్డ తల నిమిరి కన్నీళ్ళు పెట్టుకునేవారు. ఇదివరకు ఈపాటి మర్యాద కూడా లేదని కొన్ని జంతువులు మురిసిపోయాయి. వాటి బుద్ధికి ఏం చెప్పమంటారు!

అలా అలా రేపు దుప్పి వంతు అన్నరోజు వచ్చింది. పుస్తకం చదివి వినిపించిందీ తనే, పళ్ళెంలోకి పోయేదీ తనేనా అని దానికి ఏడుపొచ్చింది.

ఆ పొద్దునే నక్క పులి చెవిలో ఊదింది. "నాన్నగారూ, వీళ్ళ ప్రేమ నిజమో నటనో తేల్చుకోవద్దూ? చచ్చినట్టు పడుకోండి. తక్కువ ఏడ్చినవాళ్ళని ముందు తినొచ్చు."

పులి నాలుగు కాళ్ళూ చాపి పడుకుంది. నక్క గుండెలు బాదుకుంది. అడవంతా పరుగెత్తుకొచ్చింది.

దుప్పి దగ్గరికెళ్ళి చూస్తే శవం తోకతో ఈగను తోలుకుంటోంది. దుప్పికి ఒళ్ళు మండిపోయింది. నిజం చెబితే ఇప్పుడే చావు, చెప్పకపోతే రేపు చావు. ఆలోచించి పుస్తకం తీసింది.

"తండ్రి పోతే పిల్లలకు మూడేళ్ళు మైల. అన్నాళ్ళూ అడవిలో మాంసం ముట్టకూడదు. పోయినవారికి పూటకో గిన్నె అన్నం, రెండు అరటిపండ్లు పెట్టాలి. ఇదే అడవి ధర్మమని కింద నాన్నగారే వేసిన పంజా ముద్ర ఉంది."

శవం లేచి కూర్చుంది. "నేను చావలేదు. పుస్తకం మూసెయ్. నీ వంతు ఇవాళే."

దుప్పి పుస్తకం మూసింది.

"అలాగే నాన్నగారూ. మరి ఆ శాసనం చెక్కొద్దని చెప్పనా?"

"ఏ శాసనం?"

"ధర్మంగా ఏలిన రాజులకు పోయాక బిరుదు ఇస్తారండీ. మీకు 'కరుణాసముద్ర, ప్రజావత్సల, మృదుపంజా, అల్పాహార మహాచక్రవర్తి' అని రాశాను. కొండరాతి మీద చెక్కిస్తాం. బతికున్నవాళ్ళకి ఇవ్వడానికి మాత్రం ఆచారం ఒప్పుకోదు."

పులి మీసం దువ్వుకుంది. కాసేపు దుప్పిని చూసింది, కాసేపు కొండని చూసింది.

"అల్పాహారం తీసెయ్" అంది.

"తీసేశానండీ."

"సముద్రం ఒక్కటేనా?"

"రెండు చేస్తాను."

పులి మెల్లగా వెనక్కి వాలి, కాళ్ళు చాపుకుని కళ్ళు మూసుకుంది. "ఇంకోసారి చదువు బిడ్డా. నెమ్మదిగా."

దుప్పి ఇప్పటికీ రెండుపూటలా చదువుతూనే ఉంది. బిరుదు ఏడు సముద్రాల దాకా వచ్చింది. అరటిపండు తొక్క వలిచి పెట్టే పని నక్కది.

నీతి: రాజుగారికి ధర్మంగా పాలించాలని సరదా పుడితే అడ్డు చెప్పకండి, పడుకోబెట్టి బిరుదు చదవండి.