సూది పెళ్లి

ఆ శనివారం పదమూడేళ్ల ముఫున్వా వేసుకున్న పథకం చిన్నదే. పొద్దున్నే క్లినిక్కుకు వెళ్లి కరోనా టీకా వేయించుకోవాలి, అన్న ఎడ్జిసాని నిద్ర లేచేలోపు వచ్చి పొయ్యి మీద జావ పెట్టాలి. తనను పెంచిన మేనత్త ఆ చలికాలంలోనే కరోనాతో ఊపిరాడక పోయింది. మిగిలిన నాయనమ్మకూ ఆయాసమే. తన వల్ల ఆవిడకు ఏమైనా అవుతుందేమోనని ముఫున్వాకు భయం.

వరుసలో ఉన్న పక్కింటావిడ నోరు ఊరుకోలేదు, ఎడ్జిసానికి ఫోన్ చేసి చెప్పేసింది. ముఫున్వా వంతు వచ్చేసరికి ఎడ్జిసాని చెప్పులైనా లేకుండా పరుగెత్తుకొచ్చాడు.

"ఆపండి సిస్టర్! సంతకం పెట్టాల్సింది నేను. పెట్టను. ఈ టీకా ప్రమాదమని ఫోన్లో వీడియో చూశాను."

"పన్నెండు దాటితే తన సంతకం చాలయ్యా. చట్టం అది," అంది నర్సు.

"చట్టం రాజధానిలో, ప్రిటోరియాలో. మా ఇంట్లో ఏ పనికైనా పెద్దలు కూర్చోవాలి, మేనత్త ఒప్పుకోవాలి, ఆవిడ మాటే చివరిది. అప్పుడే సూది!"

అన్నంత పనీ చేశాడు. గంటలో ట్రక్కు నిండా చుట్టాలు మంచి బట్టల్లో దిగి, నాయనమ్మను ముందు పెట్టుకుని, క్లినిక్కు వరండాలో చాపలు పరిచారు. ఆడపిల్ల విషయమై పెద్దలు చాపలు పరిచారంటే ఆ ఊళ్లో ఒకటే అర్థం. "ముఫున్వాకు సంబంధం కుదిరిందట!" అని వరుసలో ఎవరో అన్నారు. ఆడవాళ్లు నాలుకలాడిస్తూ సంతోషపు కూతలు పెట్టారు. ఎక్కడినుంచో డోలు వచ్చింది.

నర్సు ఫోను తీసింది. "పదమూడేళ్ల పిల్లకు పెళ్లా? పోలీసుల్ని పిలుస్తున్నాను."

"పెళ్లి కాదు తల్లీ!" ఎడ్జిసానికి చెమటలు పట్టాయి. "సూదికే వచ్చాం! ఒట్టు, సూదికే!"

నాయనమ్మ కర్రతో నేల తట్టింది. "మేనత్త ఒప్పుకోవాలన్నావుగా. ఏదిరా మేనత్త?"

ఎడ్జిసాని చాపల వైపు చూశాడు. "పోయింది కదే."

"పోతే ఆ చోటు ఖాళీగా ఉంటుందా? మీ నాన్న తర్వాత ఇంటికి పెద్దవు నువ్వు. నీ పిల్లలకు మేనత్త ఎవరు? నీకు ఎంతమంది చెల్లెళ్లున్నార్రా?"

ఉన్నది ఒక్కతే. చొక్కా చేయి పైకి మడుచుకుని నిలబడి ఉంది. చుట్టాలందరూ ఒక్కొక్కరే ఆమె ముందు మోకరిల్లి చేతులు జోడించారు. చివరగా ఎడ్జిసాని కూడా వంగాడు. ముఫున్వాకు ఏడుపొచ్చింది, అయినా మాట తడబడలేదు.

"నేను ఒప్పుకుంటున్నాను. వెయ్యండి సిస్టర్." సూది దిగాక అన్నకేసి చూసింది. "తర్వాత అన్నకి."

"నాకా? ఆ వీడియోలో..."

"మేనత్త చెప్తోందిరా," అంది నాయనమ్మ.

నర్సు అతని చేతికి ఫారం ఇచ్చి, ఇష్టమేనా అని అడిగింది. ముప్పై ఎనిమిదేళ్ల ఎడ్జిసాని చెల్లెలి వంక చూసి, ఆమె తలూపాక, ఇష్టమేనన్నాడు.