పుట్టనివాళ్ల పన్నెండో గడి

జరిగినదానికి రుజువు అడగడం ఎవడైనా చేస్తాడు. జరగనిదానికి రుజువు అడగగలిగితేనే దాన్ని పరిపాలన అంటారు. ఆ ఘనకార్యం కుటుంబ క్షేమ కార్యాలయం మూడో కిటికీ దగ్గర, దర్జీ ఆవిడ కళ్లెదుటే జరిగింది.

గర్భం రాకుండా ఆవిడ గర్భసంచిలో పెట్టిన హార్మోను లూప్‌కి ఈ నెలాఖరుతో గడువు తీరిపోతుంది. కొత్తది కావాలి. మూడో కాన్పంటూ వస్తే ప్రాణం మీదికొస్తుందని డాక్టరమ్మ ఎప్పుడో చెప్పేసింది.

దరఖాస్తు చూసి గుమాస్తా కళ్లజోడు పైకి నెట్టాడు. "పాతది పనిచేసినట్టు రుజువేదమ్మా?"

"పిల్లలు పుట్టలేదు కదండీ!"

"అదే, ఆ పుట్టనివాళ్ల వివరాలేవి? పన్నెండో గడిలో పేరు, పుట్టని తేదీ రాయాలి." (కవలలైతే విడివిడిగా రాయాలట. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది.)

దర్జీ ఆవిడ పరుగున ఆసుపత్రికి వెళ్లి నర్సమ్మను వెంటబెట్టుకొచ్చింది. నర్సమ్మ కిటికీలో తల దూర్చింది. "సారూ, అది అగ్గిపుల్లంత కూడా ఉండదు. రోజూ రవ్వంత హార్మోను వదులుతుంది. దాంతో గర్భసంచి ముఖద్వారం దగ్గర జిగురు చిక్కబడుతుంది, మగవాడి కణాలు లోపలికి ఈదలేవు. లోపలి పొర పలచబడుతుంది. కొందరిలో అండం విడుదల కావడం కూడా ఆగుతుంది."

"ఒక్కటే మూడు పనులా!" గుమాస్తా ఉలిక్కిపడ్డాడు. (ఆ కార్యాలయంలో ఒక్కో పనికి ముగ్గురున్నారు.) "మరి సెలవులు?"

"ఏళ్ల తరబడి ఒక్కపూట కూడా పెట్టలేదు."

అనుమానం బలపడి, ఆయన ఫైలును పై అధికారికి పంపాడు.

"లూప్ తానే అడ్డుకున్నానంటుంది, సరే," అన్నాడు పై అధికారి, ఆవిణ్ణి పిలిపించి. "అసలు నీకు పిల్లలు పుట్టే యోగమే లేదేమో! అప్పుడు దాని గొప్పేముంది?"

"ఇద్దరున్నారు సార్. అదిగో, కుళాయి దగ్గర జుట్లు పట్టుకుంటున్నారు."

అధికారి చూశాడు. కుళాయి ఊడి పెద్దదాని చేతికొచ్చింది. "వాళ్లు లూప్ నియామకానికి ముందువాళ్లు. లెక్కలోకి రారు."

ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అధికారి మనసు కరిగింది.

"చూడమ్మా, మేమేం రాక్షసులం కాదు. పాతది తీయించేసి ఊరికే ఉండు. గర్భం వచ్చిందనుకో, ఇన్నాళ్లూ ఆపింది అదేనని తేలిపోతుంది. మర్నాడే కొత్తది మంజూరు."

"గర్భం వస్తే నేనే ఉండను కదా సార్!"

ఆయన శ్రద్ధగా విని, నియమావళి తిరగేసి, వేలుపెట్టి చూపించాడు: దరఖాస్తుదారు మరణించినచో, కొత్త లూప్ కొరకు స్వయముగా హాజరై సంతకము చేయవలెను.