సత్యసంధ పెదబాబు వీధి

ఫ్రెంచివారు వెళ్ళిపోయిన మరుసటి ఏడాది యానాంలో మహానుభావులకు కొరత ఏర్పడింది. దొరల పేర్లు చెరిపేసిన వీధులకు స్థానికుల పేర్లు పెట్టాలి. మహానుభావుల మనవలు తగిన కాగితాలతో దరఖాస్తు చేసుకోవలసిందని వీధుల సంఘం దండోరా వేయించింది.

ధాన్యం వ్యాపారి ఉమామహేశ్వరం గారికి అది తనకోసమే వేసిన దండోరా అనిపించింది. ఆయన తాత పెదబాబు దొరగారికి కుడిభుజం. ఈ సంగతి ఆయన పాతికేళ్ళుగా అరుగుమీద కూర్చుని చెబుతున్నారు. భార్య కామాక్షమ్మ పాతికేళ్ళుగా వింటోంది. ఆ కథలో మొదట్లో తాత దొరగారి పక్కన నిలబడేవాడు. పిల్లలు పెద్దయ్యేసరికి కుర్చీలో కూర్చున్నాడు. ఈమధ్య దొరే నిలబడుతున్నాడు.

"వీధి రాకపోతే ఈ ఊళ్ళో తలెత్తుకోలేనే," అన్నారాయన.

"ఆ కాగితాలు తీయించకండి. తాతగారు సుఖంగా ఉన్నారు," అంది కామాక్షమ్మ.

ఆయన వినలేదు.

పాత రిజిస్టర్లు సంఘం ముందుకొచ్చాయి. ఫ్రెంచి వచ్చిన ఆరోగ్యమ్మ టీచరు మూడు రోజులు చదివింది. పెదబాబుకు భూమి లేదు, పదవి లేదు, వృత్తి అన్నచోట గీత ఉంది. అయితే ఊళ్ళో ప్రతి పుట్టుక, పెళ్ళి, చావు కాగితం కిందా సాక్షిగా ఆయన సంతకం ఉంది. మెట్టకూరులో పుట్టిన బిడ్డనూ, దరియాలతిప్పలో పోయిన ముసలాయన్నూ, యానాంలో జరిగిన పెళ్ళినీ ఆయన ఒకే పూట కళ్ళారా చూశారు. కాగితం అంచున గుమాస్తా విధిగా రాసుకున్నాడు: "సాక్షికి ఒక ముంత కల్లు ఇవ్వబడినది."

సంఘాధ్యక్షులు భాస్కరరావు గారు పొట్ట పట్టుకుని నవ్వారు. "ఏ వీధి కావాలి బావగారూ? కల్లుపాకల వీధి ఖాళీగానే ఉందండి, ఆయ్!"

ఉమామహేశ్వరం గారు గోడవైపు తిరిగిపోయారు. ఆయనకు క్యారియరు తెచ్చిన కామాక్షమ్మ గుమ్మంలోంచే భాస్కరరావు గారిని అడిగింది.

"అన్నయ్యగారూ, మీ నాన్నగారి పుట్టుక కాగితం కింద సంతకం ఎవరిదండీ?"

టీచరు పేజీ తిప్పింది. "పెదబాబుదే. 'ఈ బిడ్డ ఫలానావారి కొడుకేనని నేనెరుగుదును' అన్నాడు."

"అంచున ఏం రాశారండీ?"

"రెండు ముంతలు."

మిగతా సభ్యులు తమ పేజీల జోలికి పోవద్దని టీచరును ఏకకంఠంతో వేడుకున్నారు. భాస్కరరావు గారు కండువా సర్దుకుని లేచారు.

"సభ్యులారా! పెదబాబు గారి మాటను శంకిస్తే ఈ ఊళ్ళో ఎవరి తండ్రి ఎవరు? ఎవరి ఆస్తి ఎవరిది? ఆ మహనీయుడు జన్మలో అబద్ధమాడి ఎరుగడు!"

తీర్మానం ఏకగ్రీవం. ఊళ్ళోకెల్లా పెద్ద వీధికి 'సత్యసంధ పెదబాబు వీధి' అని బోర్డు కట్టారు. ఆ సాయంత్రం అరుగుమీద కథలో దొరగారే స్వయంగా ముంత వంచుతున్నారు. కామాక్షమ్మ ఊకొట్టింది.

సరిహద్దుకు ఇవతల మన ఊళ్ళల్లో ఇలాంటి ప్రమాదం లేదు. మన తాతలందరూ రాజావారి కుడిభుజాలే. ఒక్కరికీ కాగితం లేదు.